ఇంట్లో పెద్దవాళ్లం ఉద్యోగస్థులం: లాబ్రడార్ పిల్లను పెంచగలమా?

గునుపూడి_వాసి (ప్రశ్న)

మాది భీమవరంలోని గునుపూడి. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఉదయం ఏడున్నరకు బయలుదేరితే తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. చెరువులు పట్టుబడికి వచ్చే రోజుల్లో ఇంకా ఆలస్యమవుతుంది. నా భార్య పాలకొల్లులో బ్యాంకు ఉద్యోగిని. ఆమె కూడా తొమ్మిదికి వెళ్లి ఏడింటికి వస్తుంది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి సాయంత్రం ఐదున్నర తరువాతే ఇంటికి చేరుతుంది. పగలంతా ఇంట్లో ఉండేది మా అమ్మ ఒక్కతే. ఆమెకు కుక్కలంటే ఇష్టమే గాని, మోకాళ్ల నొప్పుల వల్ల వంగి లేవలేదు, గొలుసు పట్టుకుని నడవలేదు.

అమ్మాయి కోరిక మేరకు ఒక లాబ్రడార్ మగపిల్లను మాట్లాడుకున్నాము. ఇంకా ఇంటికి తేలేదు. అమ్మే ఆయన, పిల్లకు నలభై రోజులు నిండాయి కనుక ఈ ఆదివారమే తీసుకువెళ్లమని, ఆలస్యం చేస్తే మాకు మాలిమి కాదని అంటున్నారు. పోర్టికోలో గొలుసు వేసి కట్టేస్తే రెండు రోజుల్లో అలవాటు పడుతుందట. పెరుగన్నం పెడితే చాలునట, ఎముక గట్టిపడటానికి కాల్షియం టానిక్ మాత్రం రోజూ తాగించాలట. ఎదిగాక ముప్పై కిలోల దాకా తూగే జంతువును, పగలు పది గంటలు చూసుకునే ఓపిక గలవారు లేని ఇంట్లో పెంచడం న్యాయమేనా? న్యాయమే అయితే ఎలా పెంచాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

తణుకు_పాఠకురాలు

మేమిద్దరమూ ఉద్యోగాలు చేస్తూనే జర్మన్ షెపర్డ్‌ను పిల్లగా తెచ్చి పెంచాము కనుక, అసాధ్యమని నేను అనను. అయితే ఆ నలభై రోజుల మాట దగ్గరే ఆగవలసి ఉంది. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, తల్లి దగ్గర, తోడబుట్టిన పిల్లల మధ్య గడిపే ఆ చివరి రెండు మూడు వారాల్లోనే పిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. ఆ పాఠం నేర్వకుండా వచ్చిన లాబ్రడార్ పిల్ల మీ అమ్మగారి చేతులను, చీర అంచులను వదలదు. మాలిమి కాదన్న బెదిరింపును పట్టించుకోకండి. మనుషులను, శబ్దాలను, కొత్త పరిసరాలను భయం లేకుండా స్వీకరించే వయసు ఇంచుమించు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా ఉంటుంది. ఎనిమిది వారాలకు తెచ్చుకున్నా మీకు కావలసినంత వ్యవధి మిగులుతుంది.

ఇక అసలు చిక్కు పగటి వేళ. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. ఆపుకోగలిగిన వ్యవధి నెలకు ఒక గంట చొప్పున పెరుగుతుందని పెంపకందారులు ఉజ్జాయింపుగా లెక్క వేస్తారు. అంటే, మీ భార్య వెళ్లే తొమ్మిది నుంచి అమ్మాయి వచ్చే ఐదున్నర దాకా ఎవరూ బయటికి తీయకపోతే అది తాను పడుకునే చోటే తడుపుకుంటుంది. అలా కొన్ని వారాలు సాగితే, పడుకునే చోటును శుభ్రంగా ఉంచుకోవాలన్న సహజమైన గుణమే పోతుంది. తరువాత నేర్పడం చాలా కష్టం. కాబట్టి ఉదయం పదకొండుకొకసారి, మధ్యాహ్నం రెండుకొకసారి, వీలైతే నాలుగుకొకసారి వచ్చి పిల్లను పెరట్లోకి తీసుకువెళ్లి, అన్నం పెట్టి, పావుగంట ఆడించి వెళ్లే మనిషి మీకు కావాలి. మా వీధిలో ఇంటిపని చేసే ఒకామె జీతం మీద ఈ పనికి ఒప్పుకున్నారు. మనిషి ఖాయం కాకముందు పిల్లను తీసుకురావద్దని నా గట్టి అభిప్రాయం. వచ్చిన తొలి పది పదిహేను రోజులకు మీ దంపతులు వంతులవారీగా సెలవు పెట్టుకోవడం కూడా తప్పనిసరి అనుకోండి.

గొలుసు వద్దు. కట్టేసి ఉంచిన కుక్కకు తగినంత వ్యాయామం కల్పించకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. దానికన్నా ముఖ్యం, పోర్టికోలో గొలుసుకు ఉన్న పిల్ల గేటు ముందు పోయే ప్రతి సైకిలునూ పాలవాణ్ణీ చూసి, చేరలేని నిస్పృహలో మొరగడం నేర్చుకుంటుంది. అది ఏడాదికి కోపంగా మారుతుంది. ఆ తరువాత అది కరిచే కుక్క అని పేరు పెట్టి, గొలుసు ఇంకా పొట్టి చేస్తారు. వసారాలో ఒక మూల నడుమెత్తు ఇనుప జాలీతో దడి కట్టించండి. లోపల ఒక పక్క పడక, ఇంకో పక్క నీళ్లగిన్నె, కొరకడానికి రబ్బరు బొమ్మలు ఉంటే చాలు. మీ అమ్మగారు కుర్చీ వేసుకుని దడి బయట కూర్చుని మాట్లాడుతూ ఉంటే, వంగకుండానే ఆమె చేయగల సాయం అది, చిన్న సాయమేమీ కాదు. ఒంటరిగా ఉండటాన్ని కూడా సెలవు రోజుల్లోనే, అయిదు నిమిషాలతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయాలి. రెండు వారాలు ఒడిలో పెట్టుకుని, పదిహేనో రోజున ఒక్కసారిగా పది గంటలు వదిలేస్తే అది ఏడవక ఏం చేస్తుంది?

పశువైద్యం_అమలాపురం

పై సమాధానంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. నేను కాల్షియం టానిక్ గురించే ప్రధానంగా రాస్తాను. ఎందుకంటే కోనసీమలో నా దగ్గరికి వచ్చే పెద్దజాతి పిల్లల్లో చాలావాటికి ఇంట్లో అప్పటికే రెండో సీసా నడుస్తూ ఉంటుంది.

పెద్దజాతి పిల్ల ఏడాదిలోపే తన పూర్తి బరువుకు దగ్గరగా చేరుతుంది, కాని ఎముకల చివర ఉండే పెరుగుదల పొరలు గట్టిపడటానికి పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో లేత ఎముక మీద పెద్ద బరువు ఉంటుంది. పైగా, ఆరు నెలల లోపు పిల్లల పేగులకు అవసరానికి మించిన కాల్షియాన్ని అడ్డుకునే శక్తి సరిగా ఉండదు. ఎంత పోస్తే అందులో పెద్ద భాగం రక్తంలోకి చేరిపోతుంది. దానివల్ల మృదులాస్థి ఎముకగా మారే క్రమం చెడి, మోచేతుల్లో, భుజాల్లో, తుంటి కీళ్లలో లోపాలు ఏర్పడతాయి. పెద్దజాతి పిల్లల కోసం తయారైన ఆహారంలో కాల్షియం పొడి పదార్థం లెక్కన (అంటే తేమను తీసేసి చూస్తే) 1.8 శాతం దాటరాదని అమెరికా ప్రమాణాలు చెబుతున్నది అందుకే. అలాంటి మేత పెడుతూ పైన టానిక్ పోయడం హాని తప్ప మేలు కాదు.

అలాగని టానిక్ మానేసి పెరుగన్నంతో సరిపెట్టమని కాదు. పెరుగన్నంలో పెరిగే పిల్లకు చాలినంత మాంసకృత్తులు లేవు. అన్నంలో ఉడికించిన కోడిమాంసం కలిపి పెడితే మాంసకృత్తుల కొరత తీరుతుంది గాని, మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. అప్పుడు శరీరం ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించి వాడుకుంటుంది, ముందుకాళ్లు వంగిపోతాయి. అంటే, ఒకే టానిక్ ఒక ఇంట్లో విషం, ఇంకొక ఇంట్లో అవసరం కావచ్చు. ఇంటి వంటే పెట్టదలిస్తే కాల్షియం, భాస్వరం నిష్పత్తిని లెక్కించి మోతాదు రాసివ్వగల పశువైద్యుని దగ్గరికి వెళ్లండి; దుకాణదారు సలహా మీద కొనకండి. పగలు మీకు తీరిక లేదు కనుక, పెద్దజాతి పిల్లల మేతను కొలిచి పెట్టడమే మీ ఇంటికి అనువైన దారి అని నా అభిప్రాయం. నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆపైన రెండుసార్లు పెట్టండి.

ఎంత పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. బొద్దుగా ఉన్న పిల్లను చూసి మనవాళ్లు ముచ్చటపడతారు, కాని కీళ్లకు అంతకన్నా శత్రువు లేదు. 48 లాబ్రడార్లను పుట్టిన కొద్ది వారాల నుంచి చనిపోయేదాకా గమనించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. అందులో తోడబుట్టిన వాటికన్నా 25 శాతం తక్కువ తిన్న కుక్కలు సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, తుంటి కీళ్ల అరుగుదల కూడా వాటిలో బాగా ఆలస్యంగా మొదలైంది. వేలితో తడిమితే పక్కటెముకలు తెలియాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. లాబ్రడార్లలో ఇంచుమించు నాలుగో వంతుకు ఆకలి తీరిన సంకేతం సరిగా అందని జన్యులోపం ఉన్నట్టు 2016లో తేలింది. కనుక అది గిన్నె నాకుతూ మీ వైపు జాలిగా చూసినంత మాత్రాన ఆకలితో ఉన్నట్టు కాదు. మీ అమ్మగారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి. బిస్కెట్లు సాధారణంగా ఆ చేతుల్లోంచే వెళ్తాయి.

టీకాల విషయం క్లుప్తంగా చెబుతాను. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బులకు టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా సాగాలి. మొదటి సూదితో పని అయిపోయిందని ఆగిపోయిన ఇళ్లలోనే పార్వోతో పిల్లలు పోతున్నాయి. రేబీస్ టీకా మూడో నెలలో వేయించాలి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో దీన్ని ఉచితంగా వేస్తారు. వరిచేలు, కాలువలు, ఎలుకలు ఉన్న మన డెల్టాలో ఎలుక జ్వరం టీకాను అదనం అనుకోకూడదు. ఎలుక మూత్రం కలిసిన నిలవనీటి నుంచి కుక్కకు, కుక్క నుంచి ఇంటివారికి కూడా ఆ జబ్బు వస్తుంది. ఈ టీకాను ఎనిమిది వారాల తరువాత రెండు మోతాదులుగా మొదలుపెట్టి ఏటా వేయించాలి. నులిపురుగుల మందు మూడు నెలల దాకా పక్షానికొకసారి, ఆరు నెలల దాకా నెలకొకసారి తాగించాలి. పిడుదులకు, దోమల వల్ల వచ్చే గుండె పురుగులకు నెలనెలా ఇచ్చే మందులు ఉన్నాయి, బరువును బట్టి రాయించుకోండి. పిడుదుల మందు కుక్కకు వేస్తే చాలదు. అవి గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కనుక దడి కట్టిన మూలను కూడా శుభ్రం చేయించాలి.

రాజోలు_తోట

ఇంతమంది ఎలా పెంచాలో చెబుతున్నారు గనుక, పెంచకపోవడం గురించి ఒకరైనా చెప్పాలి. పగలు మూడుసార్లు జీతం ఇచ్చి మనిషిని పెట్టాలి, పక్షం రోజులు సెలవు పెట్టాలి, వసారాలో దడి కట్టాలి, మేత తూచి పెట్టాలి. ఇన్ని ఏర్పాట్లు చేసినా ఆ ఏడాదిలో పిల్ల ఎక్కువ సేపు చూసేది పనిమనిషినీ, కుర్చీలోని పెద్దామెనూ మాత్రమే. ఏడెనిమిది నెలలకు అది పాతిక కిలోల కుర్రకుంక అవుతుంది. సంతోషంతో ఒక్కసారి మీదికి దూకితే మోకాళ్ల నొప్పులున్న మనిషి కింద పడుతుంది, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. ఈ ఒక్క సంగతిని పైన ఎవరూ ప్రస్తావించలేదు.

రెండు మూడేళ్లు నిండిన, నెమ్మదైన కుక్కను తెచ్చుకోవచ్చు కదా. గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్లు, హైదరాబాదుకు బదిలీ అయ్యేవాళ్లు మా ప్రాంతంలో ఏటా కనిపిస్తారు. బాగా పెరిగిన లాబ్రడార్‌కు మంచి ఇల్లు దొరికితే చాలునని వెతుక్కుంటారు. ఎదిగిన కుక్క ఆరేడు గంటలు ఆపుకోగలదు, పగలు ఎక్కువగా నిద్రపోతుంది, దాని స్వభావం మీ కళ్ల ముందే ఉంటుంది. దానికి కూడా మధ్యాహ్నం ఒకసారి మనిషి కావాలి గాని మూడుసార్లు అక్కరలేదు. మా తోటలో ఉన్నది అలా వచ్చినదే. కొత్తింటికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పట్టింది, అంతే.

గునుపూడి_వాసి

అందరికీ కృతజ్ఞతలు. రాజోలు వారు చెప్పినది ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ నవ్వేసింది గాని నా భార్య ఆలోచనలో పడింది. మరో రెండు సందేహాలు ఉన్నాయి. మా పడకగది మేడ మీద ఉంది, కింద అంతా నున్నని టైల్సే. రాత్రిళ్లు పిల్లను పైకి తీసుకువెళ్లవచ్చా? రెండవది, ప్లాంటులో రొయ్య తలకాయలు కావలసినన్ని దొరుకుతాయి. ఉడికించి మేతలో కలపవచ్చా?

పశువైద్యం_అమలాపురం

లాబ్రడార్‌తో సహా నాలుగు పెద్దజాతుల పిల్లలను గమనించిన నార్వే పరిశోధకులు 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మూడు నెలల లోపు రోజూ మెట్లు ఎక్కి దిగిన పిల్లల్లో తుంటి కీలు వదులయ్యే ముప్పు పెరిగింది; మెత్తని నేల మీద తాడు లేకుండా స్వేచ్ఛగా తిరిగిన వాటిలో తగ్గింది. కాబట్టి పైకి తీసుకువెళ్లాలంటే చేతులతో ఎత్తుకుని వెళ్లండి. ఎత్తలేనంత బరువయ్యేసరికి అది కింద పడుకోవడానికి అలవాటు పడి ఉండాలి. టైల్స్ మీద కాళ్లు జారి వెనుక కాళ్లు పక్కలకు పోతుంటాయి. అది తిరిగే దారిలో రబ్బరు చాపలు గాని, ఉతికిన గోనె పట్టాలు గాని పరిస్తే సరిపోతుంది. గంటసేపు సిమెంటు రోడ్డు మీద పరుగెత్తించడం కంటే పెరటి మట్టిలో, గడ్డిలో పావుగంట చొప్పున రెండు మూడుసార్లు దాని ఇష్టానికి వదలడం మేలు. బంతి కోసం పదేపదే ఎగిరే ఆటలు ఏడాది దాటేదాకా వద్దు.

రొయ్య తలకాయలు తేవద్దు. తలలు నల్లబడకుండా సోడియం మెటాబైసల్ఫైట్ కలిపిన నీటిలో ముంచడం మీ రంగంలో మీకు తెలియనిది కాదు. సల్ఫైట్లు ఆహారంలోని థయమిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, నాశనం చేస్తాయి. సల్ఫైట్ కలిపిన మాంసం తిన్న కుక్కల్లో, పిల్లుల్లో నరాల జబ్బులు వచ్చిన సంగతి వైద్య గ్రంథాల్లో నమోదైంది. మందు తగలని చెరువు రొయ్యను ఒలిచి ఉడికించి ఎప్పుడైనా ఒకటి రెండు పెడితే ఇబ్బంది లేదు.

ఆకివీడు_గట్టు

ఎండ గురించి ఎవరూ రాయలేదు. కుక్క చెమట ద్వారా కాదు, నాలుక చాచి రొప్పడం ద్వారానే ప్రధానంగా చల్లబడుతుంది. చెరువులు, కాలువల మధ్య ఉన్న మన ఊళ్లలో గాలి తేమగా ఉండటం వల్ల ఆ రొప్పు సరిగా పనిచేయదు. అందుకే 38 డిగ్రీలకే ఇక్కడ లాబ్రడార్లు కూలబడతాయి. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, తలుపులు వేసిన గదిలో ఫ్యాను మీద నమ్మకం పెట్టి వదలకండి. కరెంటు పోతే ఆ గది పొయ్యి అవుతుంది. రెండు వైపుల నుంచి గాలి వచ్చే వసారా, తడిపిన గోనె పట్టా, నీడలో రెండు చోట్ల నీళ్లు ఉండాలి. ఉదయం ఆరులోపు, సాయంత్రం రోడ్డు చల్లబడిన తరువాత మాత్రమే తిప్పండి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద కొన్ని క్షణాలు ఆనించి ఉంచలేకపోతే అది నడిచే వేళ కాదు. నాలుక ముదురు ఎరుపై, తూలుతూ ఉంటే మామూలు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

లాబ్రడార్‌కు నీళ్లంటే పిచ్చి కనుక కాలువ గట్టున తాడు వదలవద్దు. వేసవిలో కాలువలు కట్టేసి ఉంటాయి, పిల్ల ఆ పొడి కాలువలో ఆడటానికి అలవాటు పడుతుంది. జూన్‌లో నీళ్లు వదిలాక కూడా అలాగే దూకుతుంది. సిమెంటు లైనింగు వేసిన చోట ఒడ్డు ఎక్కలేదు. వానాకాలం పెరట్లో రక్తపింజరలు, తాచుపాములు తిరుగుతాయి, కాబట్టి రాత్రి టార్చిలైటు లేకుండా బయటికి తీయకండి. కాటు పడిందన్న అనుమానం వస్తే కట్లు కట్టడం, గాటు పెట్టడం చేయకుండా ఎత్తుకుని తీసుకుపోవాలి. మనుషులకు వాడే విషవిరుగుడు మందే వాటికీ పనిచేస్తుంది. ఇంకొకటి, కొబ్బరి డొక్కలు ఆటకు వేయడం మన దగ్గర మామూలే గాని, ఆ పీచు మింగితే పేగులో ఉండలు కడుతుంది.

గునుపూడి_వాసి

ఈ ఆదివారం తీసుకురావడం లేదు. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచితే ఆ రోజుల మేత ఖర్చు ఇస్తామన్నాము, అమ్మే ఆయన కాస్త గొణిగి ఒప్పుకున్నారు. పక్క వీధిలో ఉండే ఒకామె పదకొండుకు, రెండుకు వస్తానన్నారు. నాలుగు గంటల వేళకు ఇంకా ఎవరూ దొరకలేదు. ఆ లోగా మనిషి కుదరకపోతే, రాజోలు వారు చెప్పినట్టు ఎదిగిన కుక్క కోసం వెతుకుతాము. అమ్మాయి దీనికి అలిగింది గాని కాదనలేదు.

పశువైద్యం_అమలాపురం

పిల్ల కోసం వెళ్లినప్పుడు తల్లిని నడిపించి చూపమనండి. వెనుక కాళ్లు ఈడుస్తున్నా, కుందేలులా రెండు కాళ్లూ కలిపి గెంతుతున్నా ఆ కాన్పు పిల్లను తీసుకోకండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు ఉన్నాయేమో అడగండి. మన దగ్గర చాలామంది తీయించరు, అయినా అడగడంలో తప్పు లేదు. టీకా కార్డులో సీసా మీది చీటీ అతికించి, తేదీ, వైద్యుని సంతకం ఉంటేనే ఆ టీకా వేసినట్టు లెక్క.